సమీక్షల చదివింపులు

సొంత డబ్బుతో తెలుగు పుస్తకం వేసుకోవడం ఇప్పుడు ఏమంత కష్టం కాదు. యాభై కాపీలైనా వేసిచ్చే డిజిటల్ ప్రెస్సులున్నాయి. పుస్తకానికి గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ నంబరును ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. ఇన్ని సదుపాయాలున్నా చదివే మనిషిని ఎవరు సరఫరా చేస్తారన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఆ సంగతి తేలేలోగా కొత్త రచయితల సౌకర్యార్థం కొన్ని సూచనలు.

ముందు లెక్క చూసుకోవాలి. ఒక కవితా సంపుటి, మామూలు పుస్తకాల 1/8 డెమ్మీ సైజు, 160 పేజీలు, అంటే పదహారేసి పేజీల ఫారాలు 10. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల లెక్క) కాగితం, 300 జీఎస్‌ఎం అట్ట, మ్యాట్ లామినేషన్. కాపీకి 75 రూపాయలు పడిందనీ, వెల 150 వేశారనీ అనుకుందాం. షాపు కమీషన్ 40 శాతం పోతే చేతికొచ్చేది 90. కాపీకి అక్షరాలా 15 రూపాయల లాభం. అదైనా అమ్ముడైన ఏ ఏడాదికో, మీరే వెళ్లి అడిగితే వస్తుంది. వెళ్లిన ఆటో ఖర్చు ఈ లెక్కలోకి రాదు. ప్లేట్లు చేసి అచ్చువేసే ఆఫ్‌సెట్ పద్ధతిలో ఆ ప్లేట్ల ఖర్చు 200 కాపీలకైనా 500 కాపీలకైనా ఒకటే కాబట్టి, కాపీ ధర తగ్గుతుందని ప్రెస్సాయన 500 వేయమంటాడు. మీరూ వేయిస్తారు. అలా చౌకగా వచ్చిన 300 కాపీలు దివాన్ కాట్ కింద చేరతాయి. కట్టలు నేలకు ఆనకుండా కింద చెక్క వేయండి. చెదపురుగు సమీక్షకుడిలా ముందుమాట దగ్గర ఆగదు, చివరి పేజీ దాకా వెళ్తుంది.

ముందుమాటలు మూడుండాలి. పుస్తకం గౌరవం కోసమని చాలామంది అనుకుంటారు గానీ, అసలు అవసరం వేరు. రేపు రాబోయే సమీక్షలకు ముడిసరుకు అదే. సమీక్ష తయారయ్యే తీరు గమనించండి. మొదటి పేరాలో సాహిత్యం సమాజానికి అద్దం పడుతుంది. రెండో పేరాలో రచయిత ఉద్యోగం, ఊరు, అందుకున్న పురస్కారాలు. మూడో పేరాలో మొదటి ముందుమాటలోని నాలుగు వాక్యాలు, కొటేషన్ గుర్తులు రాలిపోయి. ఆ తర్వాత మొదటి కవిత నుంచి రెండు పాదాలు, ఆఖరి కవిత నుంచి రెండు. మధ్యలో ఉన్న 58 కవితల జోలికి ఎవరూ పోరు, కాబట్టి బలహీనమైన వాటిని నిశ్చింతగా అక్కడ సర్దుకోవచ్చు. ‘అచ్చుతప్పుల విషయంలో మరికాస్త శ్రద్ధ వహించి ఉంటే బాగుండేది’ అన్న వాక్యం లేనిదే సమీక్షకు నిష్పాక్షికత రాదు. పుస్తకంలో ఒక్క తప్పు లేకపోయినా ఆ వాక్యం వస్తుంది. సమీక్షకుణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకు, రెండు తప్పులు వదిలేయండి.

అసలు చిక్కంతా సమీక్ష రాసే చెయ్యి దొరకడంలోనే ఉంది. తెలుగునాట సమీక్ష పెళ్లి చదివింపుల్లాంటిది. మీ ఇంట్లో ఎంత రాశారో వాళ్ల ఇంట్లో అంతే రాయాలి, ఒక రూపాయి ఎక్కువేస్తే ఇంకా మర్యాద. పెళ్లివారైతే నోటుబుక్కులో పేరూ మొత్తమూ రాసుకుంటారు. సాహిత్యంలో ఇదంతా నోటిలెక్క మీద నడవడం వల్లే ఇన్ని అలకలు, ఇన్ని ఫేస్‌బుక్ బ్లాకులు. ఇకనైనా ఒక ఖాతా తెరవడం మంచిది. ఎవరి పుస్తకం, ఎన్ని పదాలు, ‘అద్భుతం’ ఎన్నిసార్లు, ఫొటో వేశారా లేదా అన్నవి తేదీలతో సహా రాసుకోవాలి. మారకం రేట్లు కూడా స్థిరపడాలి. ఆదివారం అనుబంధంలో వచ్చిన ఒక సమీక్షకు మూడు ఫేస్‌బుక్ పోస్టులు, ఒక సభాధ్యక్షత చెల్లు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన చప్పట్ల బొమ్మకు చప్పట్ల బొమ్మే. దానికి వడ్డీ అడగడం అన్యాయం.

పత్రికలకు పంపేటప్పుడు రెండు కాపీలు పంపడం ఆనవాయితీ. ఒకటి సమీక్షకుడికి, ఒకటి ఆఫీసుకు. రెండూ ఒకరింటికే వెళ్లినా వెళ్లొచ్చు. ఎక్కువ పుస్తకాలు ‘స్వీకారం’ శీర్షిక దగ్గరే ఆగిపోతాయి: పేరు, పేజీలు, వెల, ప్రతులకు ఫోన్ నంబరు. చిన్నచూపు చూడకండి. రచయిత ఒప్పుకోడు గానీ, పొగడ్తలతో నిండిన అరపేజీ కన్నా ఆ నాలుగు లైన్లకే ఒకటో రెండో ఫోన్లు వస్తాయి. పుస్తకంతోపాటు అట్ట బొమ్మ ఫైలు, 150 పదాల పరిచయం మెయిల్‌లో పెట్టండి. పెట్టేముందు పరిచయం ఏ ఫాంటులో ఉందో చూసుకోండి. డీటీపీ వాళ్లిచ్చే ఫైలు ‘అను’ అనే, యూనికోడ్ కాని పాత పద్ధతి ఫాంట్స్‌లో ఉంటుంది. దాన్ని అలాగే తెచ్చి అతికిస్తే అవతల కనిపించేది ఇంగ్లిషు అక్షరాలూ విరామ చిహ్నాలూ కలిసిన కిచిడీ. యూనికోడ్‌లోకి మార్చాక కూడా ఒత్తులు, క్ష, ‘ఫేస్‌బుక్’ లాంటి మాటల్లో పొల్లు, ఒక్కొక్కటీ చూసుకోవాల్సిందే. ఆ కిచిడీని అత్యాధునిక కవిత్వమనుకుని మెచ్చుకునేవాళ్లు ఉంటారన్న ధీమా వద్దు.

ఇక ఈ-బుక్కా? అమెజాన్ కిండిల్‌లో సొంతంగా పెట్టుకునే భాషల జాబితాలో హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ చోటు చేసుకున్నాయి. తెలుగు లేదు. పైగా అక్కడ బంధువులు, దగ్గరి స్నేహితులు రివ్యూ రాయకూడదని నిబంధన. ఆ నిబంధనను మన సాహిత్యరంగానికి వర్తింపజేస్తే రాసేవాళ్లెవరు మిగులుతారు?

పోస్టు విషయంలో మాత్రం శుభవార్త. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. మన 160 పేజీల పుస్తకం అట్టతో కలిపి సుమారు 190 గ్రాములు తూగుతుంది కాబట్టి కవరు కలిపినా భయం లేదు.

చట్టం కూడా పుస్తకాన్ని పట్టించుకుంటుందని చాలామందికి తెలియదు. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం వెలువడిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒకటి, చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కొక్కటి, మొత్తం నాలుగు కాపీలు సొంత ఖర్చుతో పంపాలి. పంపకపోతే 50 రూపాయల దాకా జరిమానా, దానికి తోడు పుస్తకం వెల. కమీషన్, డిస్కౌంటు, ‘మనవాళ్లకు ఊరికే ఇవ్వరా’ అనే బేరం ఏవీ లేకుండా పుస్తకానికి నిండు వెల పలికే సందర్భం ఇదొక్కటే. చెల్లించేది మాత్రం మీరే.

ఆవిష్కరణ సభ గురించి ఒక్క మాట చాలు. అమ్మే బల్లను గుమ్మం దగ్గరే, క్యూఆర్ కోడ్‌తో, చిల్లరతో పెట్టండి. వేదిక మీదివాళ్లకు ఇచ్చిన ఉచిత కాపీలు కిందివాళ్ల కంటపడితే ఇక ఆ బల్ల దగ్గరికి ఎవరూ రారు. ఉచిత కాపీ మీద ‘గౌరవనీయులు ఫలానా గారికి సవినయంగా’ అని ఇంకుతో రాయకండి. ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అదే పేజీ తెరుచుకుని కనిపిస్తే ఫలానా గారికి అవమానం. పెన్సిల్‌తో రాస్తే ఆయన చెరిపేసుకుంటారు, అమ్మేవాడికీ నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి.

ఎప్పుడో ఒకసారి ‘ప్రతులకు’ నంబరుకు తెలియని మనిషి ఫోన్ చేస్తాడు.

“పుస్తకం కావాలండీ. డబ్బులు ఎలా పంపమంటారు?”

“మీరేం రాస్తుంటారండీ?”

“నేనేం రాయనండీ. చదువుతానంతే.”

అప్పుడు కంగారు పడి, డబ్బులెందుకండీ అని ఉచితంగా పంపించేయకండి. 150 రూపాయలూ, పైన పోస్టేజీ కూడా తీసుకోండి. ఖాతా పుస్తకంలో ఆయన పేరు ఎక్కించకండి, సమీక్ష రాయమని అసలు అడగకండి. అడిగితే రాస్తాడు. రాయడం మొదలుపెడితే ఆర్నెల్లలో ఆయన పుస్తకం రెండు కాపీలు మీ ఇంటికి వస్తాయి.