కొత్త మహీంద్రా థార్ రాకముందే పాతది కొనేయాలా?

"థార్ రూపు మార్చేస్తున్నారు. ఛాసిస్ తీసేస్తున్నారు, ఇక అది జీపు కాదు, ఉత్త కారు. వాగులో దింపితే సెన్సర్లు చచ్చిపోతాయి. పాత ఇనుప బాడీకి ఉన్న భద్రత ఈ రేకు డబ్బాకు రాదు. ఊళ్లో మెకానిక్ చెయ్యి కూడా పెట్టలేడు. ఇప్పుడే పాతది కొని పెట్టుకోండి, రేపు రెట్టింపు ధర పలుకుతుంది." నల్గొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం సారాంశమిది. కింద నల్లమల అడవిలో బురద చిమ్ముతూ పోతున్న జీపు బొమ్మ ఒకటి. బత్తాయి రైతుల నుంచి కాంట్రాక్టర్ల దాకా అందరూ నమ్మి పంపుతున్నారు, కాబట్టి ఒక్కో మాటనూ విడదీసి చూడాల్సిందే.

ముందు జరిగిందేమిటో చెప్పుకుందాం. 2025 ఆగస్టు 15న ముంబైలో మహీంద్రా నాలుగు నమూనా బండ్లు చూపించింది. వాటిలో 'విజన్ టి' అన్నది థార్ పోలికలతో ఉంది. నాలుగింటికీ ఆధారం మోనోకాక్ నిర్మాణం. అంటే కింద విడిగా ఇనుప చట్రం (ఛాసిస్) ఉండదు, బాడీయే చట్రం పని చేస్తుంది. ఆ నిర్మాణంతో బండ్లు 2027 నుంచి వస్తాయని కంపెనీ చెప్పింది. ఇంతవరకు నిజం. అయితే నమూనా చూపించడం వేరు, ఉన్న బండిని ఆపేస్తామని ప్రకటించడం వేరు. ఆ అక్టోబరులోనే మూడు తలుపుల థార్‌ను పాత ఛాసిస్ మీదే చిన్న చిన్న మార్పులతో మళ్లీ మార్కెట్లోకి తెచ్చారు. సందేశంలో ఆ సంగతి లేదు.

ఛాసిస్ లేకపోతే జీపు కాదన్న మాట ఈ సందేశానికి ఆయువుపట్టు. 1977లో సోవియట్ రష్యాలో మొదలైన లాడా నీవాకు విడి చట్రం లేదు. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందుతుంది, మంచులోనూ బురదలోనూ దాని సత్తాను శంకించినవాళ్లు తక్కువ. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే డిఫెండర్. 1948 నాటి ల్యాండ్ రోవర్ వంశంలో చివరి పాత డిఫెండర్ 2016 జనవరిలో ఇంగ్లండ్‌లోని సోలిహల్ కర్మాగారం నుంచి బయటికొచ్చింది. 2019 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తది చూపించారు. చట్రం పోయింది, అల్యూమినియం మోనోకాక్ వచ్చింది. అప్పుడూ ఇవే శోకాలు. పాతది దిగగల నీటి లోతు 500 మిల్లీమీటర్లు, కొత్తది 900 మిల్లీమీటర్లని కంపెనీ లెక్క.

రూపు మార్చిన ప్రతివాళ్లూ చట్రం వదిలేశారనీ కాదు. 1979 నాటి మెర్సిడెస్ జి-క్లాస్‌ను 2018లో దాదాపు మొత్తంగా తిరగరాసినా నిచ్చెన ఆకారపు విడి చట్రాన్ని ఉంచుకున్నారు, ముందు ఇరుసును మాత్రం మార్చేశారు. మారుతి జిప్సీ వారసురాలు జిమ్నీ కూడా చట్రం మీదే ఉంది.

దేవరకొండ గుట్టల పక్కన రాళ్ల బాటలో బండిని ఎక్కించేవి ముందు బంపరు కోణం (బంపరు నేలకు తగలకుండా ఎంత నిటారు గట్టు ఎక్కగలదన్నది), పొట్ట కింద ఖాళీ, అలాగే వెనక కోణం, చక్రం ఎంత కిందికి వేలాడగలదన్న లెక్క. 2020 థార్‌కు నేల నుంచి 226 మిల్లీమీటర్ల ఎత్తు, ముందు దాదాపు 42 డిగ్రీల కోణం ఉన్నాయి. కొత్తది వచ్చినప్పుడు వీటిని పక్కపక్కన పెట్టి చూడండి. తగ్గితే తిట్టండి, నేనూ కలుస్తాను. 2020లో వెనక కమాన్ కట్టలు తీసి కాయిల్ స్ప్రింగులు పెట్టినప్పుడు కూడా మార్పే కదా జరిగింది! ఇప్పుడు "అసలైన జీపు" అని కాపాడుకోమంటున్నది ఆ కమాన్ కట్టలు లేని బండినే.

చట్రం వైపు న్యాయం లేకపోలేదు. బరువు లాగేవాళ్లకు, ట్రాలీ తగిలించేవాళ్లకు అది మేలు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు బాడీని, చట్రాన్ని విడివిడిగా బాగుచేసుకోవచ్చు. మోనోకాక్‌కు ఆ సౌకర్యం తక్కువ, ఖర్చు ఎక్కువ. సందేశం రాసినవారు ఈ మాట చెప్పి ఉంటే వాదన బలంగా ఉండేది.

ఇక వాగు. నీళ్లలో ఇంజిన్‌ను నాశనం చేసేది ఎక్కువగా సెన్సరు కాదు, గాలి పీల్చే గొట్టంలోంచి సిలిండర్లోకి చేరిన నీరు. గాలిలా నీరు నలగదు, అందుకే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ గొట్టం ఎంత ఎత్తున ఉందన్నదే అసలు ప్రశ్న, పాత బండికైనా కొత్త బండికైనా. పాత పెట్రోలు జీపుల్లో సిలిండర్లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద నాలుగు చుక్కలు పడితే చాలు, బండి ఆగిపోయేది. మరోవైపు, పూర్తిగా బ్యాటరీతో నడిచే జి-క్లాస్ 850 మిల్లీమీటర్ల నీటిలో దిగగలదు, ఇంజిన్ ఉన్న జి-క్లాస్ హద్దు 700. పైగా ఈ అంకెలు నిలిచిన నీటికి, మెల్లగా దాటడానికి. వానాకాలంలో దుందుభి వాగు కాజ్‌వే మీద పారుతున్నప్పుడు రెండడుగుల ప్రవాహం చాలు, ఏ జీపునైనా ఎత్తి పక్కకు నెట్టేస్తుంది. ఛాసిస్ ఉందని దిగకండి.

ఇనుము మందంగా ఉంటే ప్రాణానికి భరోసా అన్నది ఈ సందేశంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట. గుద్దుకున్నప్పుడు బండి ముందు భాగం పద్ధతిగా నలిగి ఆ దెబ్బను మింగాలి, మనుషులు కూర్చున్న భాగం నలగకూడదు. ఏమాత్రం నలగని ఇనుము ఆ దెబ్బను నేరుగా మన ఛాతీకి అందిస్తుంది. 2010 థార్‌లో ఎయిర్ బ్యాగులు లేవు. 2020 థార్‌కు బండిని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో నాలుగు నక్షత్రాలు, ఐదు తలుపుల థార్ రాక్స్‌కు 2024లో భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు వచ్చాయి. రెండూ ఛాసిస్ బండ్లే. అంటే చట్రంతో భద్రత రాదని కాదు, మార్పు చేయబట్టే వచ్చిందని.

మెకానిక్ మాటకొస్తే, సందేశం మూడు తరాల బండ్లను కలిపేసింది. స్పానరుతో, సుత్తితో షెడ్డులో బాగుచేసుకున్నది అచ్చంపేట వైపు మనుషుల్ని కుక్కుకుని తిరిగిన కమాండర్ జీపు. "ఇప్పుడే కొనండి" అంటున్న థార్ బీఎస్-6 కాలుష్య నిబంధనలకు తయారైన బండి. స్కానర్ పెట్టకుండా దాని జబ్బు ఇప్పటికే తెలియదు. పోయిందని ఏడుస్తున్న సౌకర్యం పోయి చాలా ఏళ్లయింది.

ఆ నల్లమల బొమ్మ గురించి ఒక మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సొంత బండితో దారి తప్పించి తిరగడం సాహసం కాదు, నేరం.

రెట్టింపు ధర సంగతి త్వరగా తేల్చేయవచ్చు. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన ఐదేళ్లకోసారి పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. టైర్లు, బీమా, తుప్పు ఆగవు. లాభం కోసమే అయితే జీపుకన్నా చెలక కొనుక్కోవడం నయం.

నిజంగా భయపడాల్సిన విషయాన్ని మాత్రం సందేశం ముట్టుకోలేదు. గుట్ట ఎక్కించేది, నల్లరేగడి బురదలోంచి లాగేది 'ఫోర్ లో' గేరు, అంటే వేగం తగ్గించి నాలుగు చక్రాలకూ ఎక్కువ లాగుడు ఇచ్చేది. దాన్ని ఉంచుతారా, తీసేస్తారా అని కొత్త థార్ గురించి మొదట అడగాలి. కొత్త డిఫెండర్ చట్రం వదిలినా ఆ గేరును వదల్లేదు. మన థార్‌లోనేమో 2023 జనవరి నుంచి వెనక చక్రాలకే శక్తి అందే రకం కూడా అమ్ముతున్నారు, చవకని చాలామంది కొన్నారు. దానికి ఛాసిస్ నిక్షేపంలా ఉంది. ఫోర్ వీల్ రాడ్ ఉండాల్సిన చోట ఫోను, తాళాలు పెట్టుకునే గూడు ఉంది.