అప్రూవర్ గారికే అప్రూవల్ కావాలి

మా ఆఫీసులో మూడు నెలలకోసారి యాక్సెస్ రివ్యూ అని వస్తుంది, టీమ్‌లో ఎవరికి ఏ సిస్టమ్ ఓపెన్ అవుతుందో పెద్ద లిస్టు మేనేజర్‌కి పంపుతారు, ఆయన ఒక్కో లైనూ చూసి ఉంచాలా తీసేయాలా టిక్ పెట్టాలి. చూసి అన్నాను గానీ ఎవరు చూస్తారండీ, పైన సెలెక్ట్ ఆల్ ఉంది, పక్కనే అప్రూవ్ ఉంది.

ఈసారి ఆడిట్‌వాళ్ళు పట్టేసుకున్నారు. ఇన్ని వందల లైన్లు ఒక్క నిమిషంలో ఎలా చదివారు సార్ అని అడిగారట. సార్‌కి రోషం వచ్చింది. పనికి ఎంత కావాలో అంతే యాక్సెస్ ఉండాలి, దాన్నే లీస్ట్ ప్రివిలేజ్ అంటారు, సాల్ట్‌జర్, ష్రోడర్ అని ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1975లోనే రాసిపెట్టారు అని మాకు పెద్ద క్లాసు పీకి, వెళ్ళి మళ్ళీ సెలెక్ట్ ఆల్ కొట్టి ఈసారి రివోక్, అంటే తీసేయమని, నొక్కేశారు. కావాల్సినవాళ్ళు మళ్ళీ రిక్వెస్ట్ పెట్టుకుంటారులే అని ఆయన ధీమా.

లిస్టులో మొదటి పేరు ఆయనదే. మన రిక్వెస్ట్ మనమే అప్రూవ్ చేసుకోకూడదని సిస్టమ్‌లో రూలుంది గానీ మనది మనం పీకేసుకోకూడదని ఎక్కడా లేదు మరి!

సార్ మళ్ళీ లాగిన్ అయితే సిస్టమ్ పాస్‌వర్డ్ తీసుకుంది, ఫోన్‌కి నంబరొచ్చింది, మీరేనా అని అడిగింది, నేనేనమ్మా అని సార్ నొక్కారు. లోపలికెళ్ళాక, పేరు పెట్టి మరీ నమస్కారం చెప్పి, మీకు అనుమతి లేదు అంది. మనిషిని గుర్తుపట్టడం వేరు, పని చేయనివ్వడం వేరు అని ఆయనకి ఇంత బాగా ఏ ట్రైనింగ్‌లోనూ అర్థమై ఉండదు.

మా రిక్వెస్టులన్నీ సార్‌కి వెళ్తాయి, సార్ రిక్వెస్ట్ ఆయన పై మేనేజర్‌కి వెళ్ళింది. ఆ పెద్దాయన కిందటేడే మానేశారు. జీతం ఆపారు, కుర్చీ ఇంకొకరికిచ్చారు, అకౌంట్ మాత్రం తీసేయలేదు. మనిషి చేరితే ఇవ్వాలి, పని మారితే మార్చాలి, మానేస్తే తీసేయాలి, ఇంత సాఫ్ట్‌వేర్ కొన్నది ఈ మూడింటికే, మూడూ ఎవరో ఒకరు గుర్తు చేస్తే తప్ప జరగవు.

ఇలాంటప్పటికని ఒక ఎమర్జెన్సీ అకౌంట్ ఉంటుంది, దాని పాస్‌వర్డ్ కవర్లో సీల్ వేసి సర్వర్ రూమ్‌లో పెట్టారు, ఆ రూమ్ బ్యాడ్జితో తెరుచుకుంటుంది, బ్యాడ్జి కూడా ఆ లిస్టులోదే. 2021 అక్టోబర్‌లో ఫేస్‌బుక్ గంటల తరబడి ఆగిపోయినప్పుడు వాళ్ళ ఇంజినీర్లకీ డేటా సెంటర్‌లోకి వెళ్ళడానికి టైం పట్టింది సార్ అని ఓదార్చబోయాం, ఆయన చూసిన చూపుకి ఆపేశాం.

అప్పుడు తెలిసింది, ట్రైనీ కుర్రాడికి అన్నీ ఓపెన్ అవుతున్నాయని! వాడు చేరినప్పుడు ఒక పాత సీనియర్‌ని చూపించి ఆయనకున్నట్టే ఇచ్చేయండి అన్నారు, ఆయన అన్నేళ్ళుగా పోగేసిందంతా, అప్రూవల్ పవర్‌తో సహా, వీడికి కాపీ అయింది. హెచ్‌ఆర్ రికార్డుల్లో ఇంకా వేరే టీమ్ కింద ఉన్నాడు కాబట్టి సార్ లిస్టులో పడలేదు.

అందరం వాడి కుర్చీ వెనక నిలబడ్డాం. సార్ రిక్వెస్ట్ ఓపెన్ చేశాడు.

"కారణం రాయమంటోంది సార్."

"పని చేసుకోవడానికి అని రాయి బాబూ."

కాసేపు స్క్రీన్ చూసి తల గోక్కున్నాడు.

"ఎడిట్ ఇవ్వమంటారా, వ్యూ ఓన్లీనా? పనికి ఎంత కావాలో అంతే అన్నారు కదా సార్, మీకు వ్యూ ఓన్లీ సరిపోదూ?"