కోచ్‌ని మారిస్తే నంబర్ 9 పుట్టుకొస్తాడా?

2025 నవంబర్ 18 రాత్రి ఢాకాలో మన ఫుట్‌బాల్ జట్టు ఆసియా కప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడిపోయింది. విశాఖ మల్కాపురంలో మేం ఎప్పుడూ చేరే టీ కొట్టు ఆ రోజు మామూలు వేళకి కట్టలేదు. "ఏటి గురూ, ఇంకా ఈ కోచ్‌నే ఉంచుతారా?" అని ఒకరు మొదలుపెట్టారు, అంతే. నేవీ, డాక్‌యార్డ్ ఉద్యోగాల వల్ల మా వైపు మలయాళీలు, బెంగాలీలు ఎక్కువ. తెలుగువాళ్లం క్రికెట్‌కి తిట్టుకున్నంత గట్టిగా వాళ్లు ఫుట్‌బాల్‌కి తిట్టుకుంటారు. బెంగాలీ మిత్రుడైతే టీ కూడా ముట్టలేదు. 22 ఏళ్లుగా బంగ్లాదేశ్ చేతిలో ఓడని జట్టు మనది. పదకొండో నిమిషంలో షేక్ మొర్సాలిన్ గోల్ కొడితే, ఆ తర్వాత ఆట అంతా మిగిలి ఉన్నా ఒక్క గోల్ తిరిగి వేయలేకపోయాం.

కోచ్ ఖాలిద్ జమీల్ పోవాలని సగం మంది, ఇంకొన్నాళ్లు ఉంచాలని సగం మంది. నేను రెండో వైపు. అయితే ఆయన మీద జాలితో కాదు.

గత కొన్నేళ్ల లెక్క చూడండి. 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో 1-2తో ఓడాం. మన కెప్టెన్ సునీల్ ఛెత్రికి అది 150వ అంతర్జాతీయ మ్యాచ్. జూన్‌లో ప్రపంచకప్ క్వాలిఫయింగ్ నుంచి బయటపడగానే ఐదేళ్లుగా కోచ్‌గా ఉన్న ఇగోర్ స్టిమాచ్‌ని తీసేశారు. కాంట్రాక్టు మధ్యలో తీసేసినందుకు భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆయనకి 4 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఆ డబ్బుతో పిల్లలకి ఎన్ని మ్యాచ్‌లు ఆడించవచ్చో తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ తర్వాత మనోలో మార్కెజ్ వచ్చారు. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2021-22 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిపెట్టిన మనిషి, మనకి బాగా తెలిసినవాడు. ఆయనకీ కలిసిరాలేదు. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్‌లో చివరి క్షణాల పెనాల్టీతో 0-1. ఏడాదికే తప్పుకున్నారు. 2025 ఆగస్టులో ఖాలిద్ వచ్చారు. 13 ఏళ్ల తర్వాత జాతీయ జట్టుకి మళ్లీ మనవాడే కోచ్ అయ్యాడని అదే టీ కొట్టులో మేమంతా సంతోషించాం. ఐజ్వాల్ లాంటి చిన్న క్లబ్బుకి ఐ-లీగ్ గెలిపించిన కోచ్ మరి.

ఖాలిద్ తప్పులు లేవని నేననను. అక్టోబర్‌లో మార్‌గావ్‌లో సింగపూర్ మీద పద్నాలుగో నిమిషంలోనే ఛాంగ్తే గోల్‌తో ముందుకెళ్లాం. సొంతగడ్డ, సొంత జనం. ఆ ఆధిక్యాన్ని నిలబెట్టుకోవడం చేతకాక 1-2తో ఓడి 2027 ఆసియా కప్ అవకాశాన్ని పోగొట్టుకున్నాం. వాళ్ల సాంగ్ ఉయ్-యంగ్ ఒక్కడే రెండు గోల్స్ కొట్టాడు. ముందుకెళ్లాక వెనక్కి తగ్గి ఆడటం కోచ్ ఖాతాలోకే వస్తుంది. అడగాల్సిందే.

కానీ ఆయన చేతికి ఏ జట్టు ఇచ్చారో కూడా అడగాలి కదా. 2025 జూలైలో ఐఎస్‌ఎల్ ఆపేశారు. లీగ్ వాణిజ్య హక్కుల ఒప్పందం ఆ డిసెంబర్‌తో ముగియాల్సి ఉంది, కొత్తది అప్పటికి తేలలేదు. సెప్టెంబర్‌లో మొదలవ్వాల్సిన లీగ్ ఆ ఏడాదంతా మొదలే కాలేదు. మ్యాచ్‌లు లేని ఆటగాళ్లని క్యాంపుకి పిలిచి, నేరుగా అంతర్జాతీయ మ్యాచ్‌లోకి దింపాలి. ప్రాక్టీస్‌తో ఊపిరి వస్తుందేమో గానీ మ్యాచ్ ఆడితే వచ్చే కాలు రాదు.

అంతకన్నా పాత జబ్బు ఇంకొకటి ఉంది. ఆ రాత్రి కొట్టులో ఒక కుర్రాడు, డిగ్రీ చదువుతున్నవాడు, అంతసేపూ విని ఒక్క ప్రశ్న అడిగాడు. "అన్నా, ఖాలిద్ పోతే పోనీ. కొత్తగా వచ్చినాయన నంబర్ 9గా ఎవర్ని ఆడిస్తాడు?" నంబర్ 9 అంటే ముందు వరుసలో నిలబడి గోల్స్ కొట్టేవాడు. అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఛెత్రి రిటైరయ్యాక 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో, మళ్లీ పిలిపించుకోవాల్సి వచ్చింది. ఆ సీజన్ ఐఎస్‌ఎల్‌లో మనవాళ్లందరిలో ఎక్కువ గోల్స్ కొట్టింది కూడా ఆయనే, 14. క్లబ్బులు ఎక్కడ విదేశీయుణ్ణి పెడతాయి? ముందు వరుసలో. గోల్ కొట్టే చోటు ఖరీదైనది, అక్కడ ఎవరూ రిస్క్ చేయరు. మన కుర్రాళ్లు వింగ్ మీదో, బెంచ్ మీదో పెరుగుతారు. 2024 జనవరిలో ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో మూడు మ్యాచ్‌లు ఆడి ఒక్క గోల్ కూడా వేయకుండా తిరిగొచ్చాం. అప్పుడున్నది వేరే కోచ్, జబ్బు మాత్రం ఇదే.

ఈ జబ్బు ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే దూరం వెళ్లక్కర్లేదు. ఏదైనా ఆదివారం పొద్దున్నే ఏయూ (ఆంధ్ర యూనివర్సిటీ) ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లండి. ఒకే గ్రౌండ్‌లో క్రికెట్ మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయి. ఈ జట్టు థర్డ్ మ్యాన్ ఆ జట్టు మిడాన్ పక్కన నిలబడి ఉంటాడు. ఫుట్‌బాల్ పిల్లలు వాళ్లు రాకముందు, తెల్లారగట్లే వచ్చి ఓ మూల ఆడుకుంటారు. మొన్న ఒక పిల్లాణ్ణి చూశాను, పద్నాలుగేళ్లు ఉంటాయేమో. పరుగు, ఒడుపు, అన్నీ ఉన్నాయి. గోల్ ముందు బంతి ఎడమ కాలికి వచ్చింది. తన్నలేదు. తిరిగి కుడికాలికి మార్చుకునేలోపు డిఫెండర్ వచ్చి అడ్డం పడ్డాడు. పది నిమిషాల్లో మళ్లీ అదే. పక్కకి పిలిచి, "ఈ ఏడాది ఎన్ని మ్యాచ్‌లు ఆడావు నాన్నా, రిఫరీ ఉన్న మ్యాచ్‌లు?" అని అడిగాను. వేళ్లు లెక్కపెట్టుకుని, స్కూల్ తరఫున ఆడినవన్నీ కలిపి నాలుగన్నాడు.

నాలుగు మ్యాచ్‌లలో ఎడమ కాలు ఎవరికి వస్తుంది?

ఇక్కడే నాకు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తొస్తారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఇవన్నీ ఆయన కోచింగ్‌లోనే వచ్చాయని అందరూ చెబుతారు. ఆయన స్కూల్ టీచర్ అనీ, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి ఏళ్ల తరబడి కార్యదర్శిగా ఉన్నారనీ తక్కువమంది గుర్తు చేసుకుంటారు. కుర్రాళ్లకి బలహీనమైన కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి టోర్నమెంట్లు నడిపించారాయన. డ్రిబ్లింగ్ చేయకూడదనే పోటీలూ పెట్టారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిందంటే, తులసీదాస్ బలరాం లాంటివాడు సికింద్రాబాద్ గల్లీల్లోంచి ఒలింపిక్స్‌కి వెళ్లాడంటే, ఆ ఊళ్లో ఆడటానికి మ్యాచ్ ఉండేది కాబట్టి. పైగా 1963లో కన్నుమూసే దాకా జాతీయ జట్టుకి రహీమే కోచ్. మధ్యలో ఓడిపోయిన మ్యాచ్‌లు లేవా? ఉన్నాయి.

జనాభా లెక్క చెప్పేవాళ్లు కూడా ఉంటారు. లక్షన్నర మంది ఉన్న కరేబియన్ దీవి కురసావ్ 2026 ప్రపంచకప్‌కి అర్హత సాధించింది, మన గాజువాకే అంతకన్నా పెద్దది. నిజమే. కానీ కురసావ్ ఆటగాళ్లలో ఎక్కువమంది నెదర్లాండ్స్‌లో పుట్టి అక్కడి అకాడమీల్లో పెరిగినవాళ్లు. చిన్నప్పటి నుంచీ వారం వారం మ్యాచ్ ఆడినవాళ్లు. విదేశాల్లోని భారత సంతతి ఆటగాళ్లని తెచ్చుకుందామంటే మన చట్టంలో రెండు పౌరసత్వాలు కుదరవు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ర్యాన్ విలియమ్స్‌లా సొంత దేశం పాస్‌పోర్టు వదులుకుని వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు?

1996లో ఫిఫా లెక్కలో 94వ ర్యాంకులో ఉన్న మన జట్టు ఢాకా తర్వాత 142కి జారింది. ఖాలిద్‌కి ఒక పూర్తి క్వాలిఫయింగ్ దఫా ఇవ్వండి, ఆ తర్వాత గోల్స్ లెక్క ఆయన్నే అడుగుదాం. ఈలోగా మన రాష్ట్ర సంఘాన్ని ఒక్కటే అడుగుతున్నాను. విశాఖలో అండర్-15 పిల్లలకి వారానికి ఒక మ్యాచ్, ఎనిమిది నెలలు. స్టేడియం అక్కర్లేదు. రైల్వే, పోర్టు, స్టీల్‌ప్లాంట్, నేవీ, అందరికీ ఇక్కడ మైదానాలున్నాయి. వాటిలో ఒక్కదాన్ని ఆదివారం పూట ఫుట్‌బాల్‌కి వదిలితే చాలు. ఏయూ గ్రౌండ్ మూలన ఆడే ఆ పిల్లాడు మొదటి సీజన్‌లోనే ముప్ఫై మ్యాచ్‌లు ఆడతాడు.