అమ్మకాల లెక్క గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అమ్మకాల లెక్క గారి సముఖానికి,

సొంత డబ్బుతో కథల పుస్తకం అచ్చువేసుకున్న పర్లాకిమిడి రచయిత రాసుకున్న విన్నపం. ఇక్కడ నేను క్షేమం. నా పుస్తకాలు ఎన్ని అమ్ముడుపోయాయో చెప్పడానికి పంపిణీదారు దగ్గర్నుంచి రావలసిన మీరూ క్షేమంగానే ఉండాలి. కంటికి కనిపించనివారికి దిష్టి తగలదు కదా.

మా ఊరికి దారి లేదనుకుంటున్నారేమో. రాజావారు 1900లోనే నౌపడా నుంచి ఇక్కడికి రైలు వేయించారు. ఆ చిన్న పట్టాల స్థానంలో పెద్ద పట్టాలు కూడా వచ్చాయి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, ఆంధ్రదేశమే. 1936 ఏప్రిల్ 1న ఊరు ఒడిశాలో చేరినప్పుడు గిడుగు రామమూర్తి గారు రాజమహేంద్రవరం తరలిపోయారు. మిగిలిన తెలుగువాళ్లం ఇంకా తెలుగులోనే రాస్తున్నాం. ఒడిశాలో మమ్మల్ని తెలుగువాళ్లంటారు, ఆంధ్రలో ఒడిశావాళ్లంటారు. పుస్తకాలు పంపమనేటప్పుడు మాత్రం అందరికీ మనవాళ్లమే.

మీ పేరు మొదట చూసింది పంపిణీదారు ఇచ్చిన రసీదులో. కార్బన్ కింద పడిన నీలం అక్షరాలు: '50 కాపీలు. కమీషన్ 40 శాతం. అమ్మకాల లెక్క ప్రకారం చెల్లింపు.' అడుగున సంతకం, దాని మీద సగమే పడిన రబ్బరు ముద్ర. పంపే ఖర్చు నాది, అమ్ముడుపోక తిరిగొస్తే ఆ ఖర్చూ నాదే. కొన్నాళ్లకు ఫోను చేస్తే, "పుస్తకం కదలడం లేదండీ, ఈ రోజుల్లో కథలెవరు చదువుతారు?" అన్నారు. ఆ తర్వాత ఆయనే ఫోను చేశారు. "స్టాకు అయిపోయింది, ఇంకో 50 పంపండి." కదలని పుస్తకాలు ఎలా అయిపోయాయో మీరే చెప్పాలి. చెదలు తిన్నాయంటే, పోనీ వాటికైనా కథలు నచ్చాయనుకుంటాను.

పెద్ద ప్రచురణకర్తలకు రాసే మిత్రులూ మీ కోసమే ఎదురుచూస్తున్నారు. హక్కులు రాసిచ్చే ఒప్పందంలో రాయల్టీ ఎంతో ఉండాలని 1957 కాపీరైటు చట్టం చెబుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్లే అంటుంది. వాళ్ల ఒప్పందాలు కాగితం మీద ఉంటే కదా, గడువు వెతకడానికి! అన్నీ కాఫీ హోటల్లో నోటిమాటగా జరిగినవే.

కమీషన్ తగ్గించమని అడగడం లేదు. దుకాణం అద్దె, కుర్రాడి జీతం మాకూ తెలుసు. పుస్తకానికి జీఎస్టీ లేకపోయినా కాగితానికి ఉందనీ తెలుసు. మాకు కావలసింది మీరే. ఈ రోజుల్లో పుస్తకం వెనక 13 అంకెల ఐఎస్‌బీఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. బిల్లు వేసేటప్పుడు ఆ సంఖ్య ఉన్న బార్‌కోడ్ గీతలను ఒకసారి యంత్రానికి చూపిస్తే, ఎక్కడ ఎన్ని అమ్ముడుపోయాయో కంప్యూటరే చెబుతుంది. పాలకేంద్రంలో రెండు లీటర్లు పోసిన రైతుకు వెన్న శాతంతో సహా చీటీ చేతికిస్తారు. నా కథల్లో వెన్నెంతో మీరు చెప్పనక్కరలేదు, దానికి విమర్శకులున్నారు. లీటర్లు చెప్పండి చాలు.

రావడానికి ఖర్చంటారా? 2025 మే నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్‌లో 5 కిలోల పుస్తకాలకే 100 రూపాయలు, పన్ను అదనం. మీరు ఒక్క కాగితం. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చినా కాదనను.

ఒక్క కాపీ కూడా పోలేదన్నదే నిజమైతే ఆ సున్నానే పంపండి. కాకపోతే దాని కింద తేదీ, సంతకం ఉండాలి, రబ్బరు ముద్ర పూర్తిగా పడాలి. అంతవరకు ఆ రెండో 50 కాపీలు మా అటక దిగవు.

ఇట్లు,
మీ దర్శనాభిలాషి