పాచిక మీది ఖాళీ ముఖం గారికి

గౌరవనీయులైన ఖాళీ ముఖం గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా ఉన్న సంగతి నేను పాచిక వేసిన ప్రతిసారీ తెలుస్తూనే ఉంది కాబట్టి ప్రత్యేకంగా అడగడం లేదు.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. డల్లాస్ శివార్లలో ఒక గేమ్ షాపు ఉండేది. శుక్రవారం సాయంత్రాలు అక్కడ వెనకాల బల్ల దగ్గర కూర్చుని ‘స్టార్ వార్స్: డెస్టినీ’ ఆడేవాణ్ణి. పాచికలు రెండూ ఒకేసారి వేసి, రెండింటి మీదా మీరే కనబడితే సీలింగు వైపు చూసే మనిషి ఒకడుండేవాడు కదా, నేనే.

ఈ ఉత్తరం బహిరంగంగా రాస్తున్నాను కాబట్టి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. పేకకీ పాచికలకీ పెళ్లి చేస్తే పుట్టిన ఆట అది. నా పాచికల్లో ఒక్కోదానికి ఆరు ముఖాలు, వాటిలో ఒకటి ఖాళీ, అదే మీరు. మీరు పడితే ఆ పాచికతో ఏ లాభమూ లేదు. 2016లో వచ్చింది. 30 పాయింట్లలో స్టార్ వార్స్ కథల్లోని పాత్రల్ని మన జట్టుగా ఎంచుకోవాలి. వాళ్ల వెనక 30 కార్డుల డెక్, అంటే కట్ట, పేర్చుకోవాలి. ఏ కార్డూ రెండుకి మించి పెట్టకూడదు. పేరున్న పాత్రకి ఒక పాచిక చాలనుకుంటే తక్కువ పాయింట్లు, రెండు కావాలంటే ఎక్కువ. నేను రెండు పాచికల జాంగో ఫెట్‌ని 16 పాయింట్లకీ, రెండు పాచికల జనరల్ వీర్స్‌ని 14కీ తీసుకున్నాను. మొత్తం 30. ఒక్క పాయింటు వృథా కాలేదు. ఇంటి లోను లెక్కలు ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదని మా ఆవిడ అంది. ఆ కార్డులూ పాచికలూ ప్యాకెట్లలో కొనాలి. ప్యాకెట్టుకి ఐదు కార్డులు, ఒక్క పాచిక, ఏవి వచ్చాయో చించితేనే తెలుస్తుంది. రెండో జాంగో పాచిక కోసం ఎన్ని ప్యాకెట్లు చించానో ఆవిడకి చెప్పిన సంఖ్య వేరు, అసలు సంఖ్య వేరు.

మా నాన్న ఫోన్‌లో “అమెరికా వెళ్లి పేకాటా?” అన్నాడు. “పేకాట కాదు నాన్నా, డెక్ బిల్డింగు” అన్నాను. “పేక కలుపుతావా, కలపవా?” అన్నాడు. కలుపుతానన్నాను. ఇంక మాట్లాడలేదు.

అయినా నేను పట్టు వదల్లేదు. మూడు వారాలు ఎక్సెల్ షీటు పెట్టుకుని కూర్చున్నాను. వీర్స్ ఎరుపు, జాంగో పసుపు. జట్టులో ఆ రంగు పాత్ర ఉంటేనే ఆ రంగు కార్డు డెక్‌లోకి వస్తుంది కాబట్టి రెండు రంగుల కార్డులూ జల్లెడ పట్టాను. రౌండుకి చేతికొచ్చే రిసోర్సులు, అంటే కార్డులకి ఖర్చుపెట్టే డబ్బు, మామూలుగా రెండే. అందుకని మూడు ఖరీదు చేసే కార్డులు ఎన్ని ఉండాలి, ఊరికే ఆడగలిగేవి ఎన్ని ఉండాలి, ఆయుధాలెన్ని, ఎదుటివాడి పాచికని బల్ల మీంచి తీసేసే కార్డులెన్ని అని తూకం వేశాను. ముప్పై కార్డుల్లో రెండున్న కార్డు మొదటి ఐదింట్లో కనీసం ఒకటైనా వచ్చే అవకాశం 31 శాతం. నచ్చక ఐదూ వెనక్కిచ్చి మళ్లీ తీసుకోవడాన్ని కూడా కలిపితే సగానికి కాస్త ఎక్కువ. ముప్పయ్యో కార్డు ఏది పెట్టాలన్న దాని మీదే నాలుగు రాత్రులు గడిచాయి. మా పెళ్లి శుభలేఖ మీద ఏ బొమ్మ వెయ్యాలో నేను పావుగంటలో తేల్చాను.

ఇంతకీ జాంగోనే ఎందుకో మీకు తెలియాలి, ఎందుకంటే పాడుచేసింది మీరే. ఈ ఆటలో ఇద్దరూ వంతులవారీగా ఒక్కో పని చేస్తారు. మామూలుగా నేను పాచికలు వేస్తే, వాటిని వాడుకునేలోపు ఎదుటివాడి వంతు వస్తుంది. ఆ సందులో మంచి ముఖం పడ్డ పాచికని వాడు కార్డుతో తీసేస్తాడు. జాంగో దగ్గర అలా కుదరదు. ఎదుటివాడు తన పాత్రని కదిపిన వెంటనే, అంటే దాని పాచికలు వెయ్యగానే, వాడి వంతులోనే జాంగో తన పాచికలు వేసెయ్యొచ్చు. తర్వాతి వంతు నాది. దెబ్బలు నేరుగా వాడి మీదికే. తీసేసే సందే ఉండదు. ఇంత చక్కటి ప్లాను నేను ఉద్యోగంలో కూడా వెయ్యలేదు.

ఆ శుక్రవారం ఎదురుగా కాలేజీ కుర్రాడు. నెట్‌లోంచి దించుకున్న డెక్. వాడు పాత్రని కదిపాడు. నేను చిరునవ్వుతో “జాంగో” అన్నాను. పాచికలు వేశాను.

మీరు. పక్కనే మళ్లీ మీరు.

ఒక్కో పాచిక మీద మీరొక్కరే కాబట్టి రెండూ మీరే అయ్యే అవకాశం 36లో ఒకటి. అది నా షీటులో ఉంది. పసుపు రంగు కూడా వేశాను. షీటులో చూసుకోవడం వేరు, బల్ల మీద చూసుకోవడం వేరని అప్పుడు తెలిసింది.

మిమ్మల్ని వదిలించుకునే మార్గం లేకపోలేదు. చేతిలో ఒక కార్డు పారేస్తే ఎన్ని పాచికలైనా మళ్లీ వేసుకోవచ్చు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. పారెయ్యడానికి చేతిలో ఏముందో చూసుకున్నాను. నాలుగు రాత్రులు ఆలోచించి పెట్టిన ఆ ముప్పయ్యో కార్డు. పారేశాను. ఒక దాని మీద రెండు దెబ్బలు పడ్డాయి, ఇంకోదాని మీద మీరు తిరిగొచ్చారు. ఆ రాత్రి లెక్క వేసి చూస్తే, మూడు వారాలు ఏరి ఏరి పేర్చిన కార్డుల్లో సగానికి సగం మిమ్మల్ని పక్కకి జరిపే చిల్లర కిందే ఖర్చయ్యాయి. ముప్పై కార్డుల వ్యూహం అనుకున్నది నిజానికి ముప్పై రీరోల్ టికెట్లు.

ఇంకో మాట. నేను బలపడేకొద్దీ మీ సంతతి పెరగడం ఏమిటండీ? డబ్బు కూడబెట్టి ఆయుధం కొంటే దానితో ఇంకో పాచిక వస్తుంది. చాలా ఆయుధాల మీద కూడా మీరు కాపురం పెట్టే ఉంటారు. నాలుగు పాచికలు ఒకేసారి వేస్తే కనీసం ఒక్క దాని మీదైనా మీరు కనబడే అవకాశం దాదాపు 52 శాతం. అంటే అప్పులవాడిలా, నాకు జీతం పెరిగిందని తెలియగానే గుమ్మంలో ఉంటారు. శకుని తెలివైనవాడు. డెక్ బిల్డింగు జోలికి పోకుండా ఏకంగా పాచికలే తనకి నచ్చినట్టు పడేవి తెచ్చుకున్నాడు.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ కుర్రాడి పాచికల మీద కూడా మీరు పడ్డారు, చాలాసార్లు. అప్పుడు నేను మీ పేరెత్తలేదు. “ఆ ఒత్తిడి నేనే తెచ్చాను” అన్నాను. గెలిచిన ఆటల గురించి ఆఫీసులో చెప్పినప్పుడు జాంగో, వీర్స్, ఆయుధాల తూకం అన్నీ వచ్చాయి. ఓడినవాటిలో మీరొక్కరే ఉన్నారు. నిజానికి చాలా ఓటముల్లో అసలు తప్పు, కార్డు పారేసి మళ్లీ వేద్దామన్న దురాశది. పడ్డ రెండు దెబ్బలతో సరిపెట్టుకుని వంతు వదిలిపెట్టాల్సిన చోట మూడు కావాలని కూర్చున్నాను. మీరు బల్ల మీద పలకరు కదా, మీ మీదికి నెట్టడం తేలిక.

ఇక అసలు విషయం. ఆ ఏడాది మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లు ఉంది. ఒక ఆదివారం ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాలుగు పాచికలు వేశాను. నాలుగింటి మీదా మీరే. 1,296లో ఒకసారి పడే పందెం. నేను తల పట్టుకున్నాను. అమ్మ మొహం వెలిగిపోయింది.

“నాలుగూ బోర్లా పడ్డాయి! అష్ట కదరా! ఎనిమిది గడులు నడిచి మళ్లీ వెయ్యి.”

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు గడులు. ఒక్కటీ నోరు తెరవకుండా బోర్లా పడితే అష్ట, ఎనిమిది. పైగా ఇంకో పందెం. ఏమీ కనబడకపోవడమే అన్నిటికన్నా పెద్ద పందెం. అది కాదమ్మా, ఇక్కడ ఖాళీ పడితే ఏమీ ఉండదు అని చెప్పాను. “ఎవడు పెట్టాడు ఈ ఆట?” అంది, చిక్కుడుకాయ ఒలుస్తూనే.

2020లో ఆ ఆటకి కొత్త కార్డులు ఆపేస్తున్నామని ప్రకటించారు. అభిమానులు సొంతంగా కార్డులు తయారు చేసుకుని ఇంకా ఆడుతున్నారు గానీ, మా షాపులో బల్ల ఖాళీ అయింది. నా డెక్ చెప్పుల పెట్టెలోకి వెళ్లింది. ఎక్సెల్ షీటు మాత్రం తెరిచి చూసుకుంటుంటాను.

జాంగో పాచికలు రెండూ మాత్రం ఆ పెట్టెలో లేవు. అమ్మ వెళ్లేటప్పుడు అడిగి తీసుకెళ్లింది. తెనాలిలో మధ్యాహ్నాలు మా పిన్నితోనూ పక్కింటివాళ్లతోనూ కలిసి, గవ్వలకి బదులు వాటితో ఆడుతున్నారట. అంకె పడితే అన్ని గడులు. మీరు పడితే ఎనిమిది, మళ్లీ ఒక పందెం. మొన్న ఫోన్ చేస్తే వెనకనుంచి పిన్ని కేక వినబడింది, “ఖాళీ పడిందే అక్కా, ఖాళీ!” అని. నేను ఆడిన ఏ బల్ల దగ్గరా మీకు అంత మర్యాద జరగలేదు.

సంక్రాంతికి వస్తున్నాను. అక్కడ కలుద్దాం. అప్పుడైనా నాకు పడండి.

ఇట్లు,
తమ విధేయుడు,
జాంగో-వీర్స్ డెక్ యజమాని