పిల్లల తప్పును ముందే ఊహించాలంటే ఫోన్ కాసేపు పక్కన ఉండాలి

టీచర్ శిక్షణ పొందుతున్న ఛాత్రోపాధ్యాయుల ఫోన్ వ్యసనం గురించి మాట్లాడితే అందరూ గంటల లెక్కే తీస్తారు. నాకు మాత్రం వాళ్లు పాఠ్యపథకం రాసే ఆ అరగంట గురించే బెంగ.

భిన్నాల పాఠం చెప్పాలనుకోండి. 1/3, 1/4లలో ఏది పెద్దదని అడిగితే చాలామంది పిల్లలు 1/4 అంటారు, 3 కన్నా 4 పెద్దది కాబట్టి. వాళ్లకు బుర్ర లేక కాదు, తమకు తెలిసిన పూర్ణసంఖ్యల పద్ధతినే ఇక్కడా వాడారు. టీచర్ ఆ తప్పును ముందే ఊహించాలి. ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలిచ్చి ఒకదాన్ని మూడు, ఇంకోదాన్ని నాలుగు సమభాగాలుగా మడిపించాలా, సంఖ్యారేఖ గీయించాలా, అసలు ముందు ఏ ప్రశ్న వేయాలి అని తనలో తనే తర్జనభర్జన పడాలి. వెంటనే ఏమీ తట్టదు. కాసేపు ఊరికే కూర్చోవాలి. ఆ ఊరికే కూర్చోవడమే ఇప్పుడు కష్టమైపోయింది, చెయ్యి తెలియకుండానే ఫోన్ మీదికి పోతుంది, ఎవరో రాసిన పథకం రెండు నిమిషాల్లో దొరుకుతుంది, పాఠ్యపథకాల రికార్డు పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఆలోచన ఒక చిక్కుతో మొదలవుతుందని, తొందరపడి తీర్పుకు రాకుండా ఆగడమే అందులో అసలు కష్టమని అమెరికా విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1910లోనే రాశారు. ఆగడం అలవాటు తప్పిన టీచర్, తప్పు జవాబు చెప్పిన పిల్లాడి దగ్గర మాత్రం ఎలా ఆగుతారు? "కాదు, కూర్చో" అనేసి ముందుకెళ్లిపోతారు.

2017లో పరిశోధకుడు ఏడ్రియన్ వార్డ్ బృందం ప్రచురించిన ప్రయోగాల్లో, సైలెంట్‌లో పెట్టిన ఫోన్ బల్లమీద ఉన్నవాళ్ల కంటే పక్క గదిలో వదిలేసి వచ్చినవాళ్లే ఆలోచనా సామర్థ్య పరీక్షల్లో మెరుగ్గా చేశారు. తర్వాత చేసిన ప్రయోగాలన్నీ అదే ఫలితం ఇవ్వలేదు, ఆ మాటా చెప్పాలి. పైగా ఫోన్ వ్యసనం ఎక్కువున్నవాళ్లకు ఆలోచనా నైపుణ్యం తక్కువని ఒకసారి నింపించిన ప్రశ్నావళితో తేలినా, ఏది కారణమో ఏది ఫలితమో దాన్నిబట్టి చెప్పలేం. చదువు టెన్షన్ తట్టుకోలేక ఫోన్‌లో తలదాచుకునేవాళ్లూ ఉంటారు కదా.

అందుకే నిషేధం మీద నాకు నమ్మకం లేదు. నోటీసులు, హాజరు, అసైన్‌మెంట్లు అన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే పంపిస్తూ, ఫోన్ ముట్టుకోవద్దని చెప్పడం న్యాయమూ కాదు. మొదటి చిత్తుప్రతి మాత్రం ఫోన్ పక్క గదిలో పెట్టి కాగితం మీద రాయించండి. ఎంత నాసిగా ఉన్నా పర్లేదు. తర్వాత నెట్‌లో వెతికి, తమ పథకంతో పోల్చి, ఏది ఎందుకు మార్చారో రాయమనండి. రికార్డు దిద్దే లెక్చరర్లు కూడా అక్షరాలు, అట్టలు, మార్జిన్లు చూడటం కాస్త తగ్గించి, "ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారనుకుంటున్నావు, ఎందుకు?" అని ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి, జవాబు వచ్చేదాకా వాళ్లూ ఓపిగ్గా ఆగాలి.