లేదు అనకండి, ఇంకా తెలియదు అనండి

గుంటూరులో మర్యాద తగ్గిపోతోందని నాకు చాలాకాలంగా అనుమానం. ఇప్పుడు ఆధారం దొరికింది. బ్రాడీపేటలో ట్యూషన్లు చదివి, హైదరాబాదు, బెంగళూరు చూసొచ్చిన కుర్రాళ్లు కొందరు మిర్చి డేటాను వాలిడేట్ చేస్తామంటూ బయలుదేరారు. వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం పేరు షాకిల్. డేటా ఏ ఆకారంలో ఉండాలో ముందే "షేపులు" రాసిపెట్టి, వచ్చిన ప్రతి వరుసనూ వాటితో సరిచూసి, సరిపోనిదాన్ని పేరు పెట్టి మరీ తప్పు పట్టే భాష అది. 2017 జూలైలో వెబ్‌కు ప్రమాణాలు రాసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దానికి ప్రమాణ హోదా కూడా ఇచ్చింది. మొరటుతనానికి ముద్ర పడడం అంటే ఇదే.

తెలియనివారికి రెండు ముక్కలు. లింక్డ్ డేటా అంటే ప్రతిదానికీ వెబ్‌లో ఒక అడ్రసు ఇచ్చి, దాని సంగతులను మూడేసి ముక్కల వాక్యాలుగా రాసుకోవడం. ఫలానా లాటు, రకం, తేజ. ఫలానా లాటు, పండించింది, ఫలానా రైతు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్‌లీ 2006లో దీనికి నాలుగు నియమాలు రాశాడు. ఆ పద్ధతిలో రాస్తే యార్డు లెక్కా, కోల్డ్ స్టోరేజీ లెక్కా, ఎగుమతిదారు లెక్కా ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆసియాలోనే పెద్దదని మనం చెప్పుకునే యార్డుకు (ఈ మాటను ఇంతవరకూ ఎవరూ ఏ షేపుతోనూ సరిచూసినట్టు లేదు, చూడకపోవడమే క్షేమం) అలాంటిది ఒకటి ఉంటే నాకేం అభ్యంతరం లేదు. రాసినదాన్ని ఎవరో వచ్చి తప్పనడం దగ్గరే నా పేచీ.

ఎందుకంటే పెద్దలు ఈ పనికి 2004లోనే చక్కని దారి చూపించారని మనం నమ్ముతున్నాం. ఔల్ అనే ఒంటాలజీ భాష ఉంది. ఒంటాలజీ అంటే ఏది ఏ కోవకు చెందుతుందో, దేనికి దేనితో ఏ సంబంధమో రాసిపెట్టుకునే ప్రకటనల చిట్టా. "లాటు అన్నాక కనీసం ఒక రైతు ఉండాలి" అని అందులో ప్రకటించి, ఆ ప్రకటనల నుంచి తర్కంతో కొత్త సంగతులు రాబట్టే రీజనర్ అనే ప్రోగ్రాముకు అప్పజెబితే సరి. తనిఖీ పెట్టించామన్న తృప్తి మనకు దక్కుతుంది. తనిఖీ మాత్రం జరగదు. ఇంతకన్నా ఆదర్శమైన పాలనా పద్ధతి ఉంటే ఎవరైనా చూపించవచ్చు.

ఒక లాటు తీసుకుందాం. 40 టిక్కీలు, అంటే బస్తాలు, తేజ రకం. కాటా వేసిన తేదీ ఉంది, తేమ శాతం ఉంది, కమీషన్ కొట్టు నంబరు ఉంది. రైతు గడి ఖాళీ. కుర్రాడు తన షేపులో రైతుకు మిన్‌కౌంట్ 1, అంటే కనీసం ఒకరు, అని రాసి ఉంటాడు కాబట్టి షాకిల్ వెంటనే రిపోర్టు ఇస్తుంది: ఈ లాటు, ఈ గడి, ఉండాల్సింది ఒకటి, ఉన్నది సున్నా.

రీజనర్ ఇంత మాట అనదు. లాటు ఉంది. లాటుకు రైతు ఉంటాడని ప్రకటన ఉంది. కాబట్టి రైతు ఉన్నాడు. ప్రత్తిపాడు వైపో, అమరావతి వైపో ఎక్కడో ఉన్నాడు, పేరు మన దాకా రాలేదంతే. దీన్నే ఓపెన్ వరల్డ్ అసంప్షన్ అంటారు. రాయనంత మాత్రాన లేదనుకోకూడదు. ఈ సూత్రం పన్నుల శాఖకు ఇంకా చేరకపోవడం మన దురదృష్టం. చేరిననాడు, బిల్లు లేకుండా సరుకు ఎత్తిన లారీని ఆపిన అధికారి, "బిల్లు ఉంది, ఎక్కడో ఉంది" అని సెల్యూట్ కొట్టి పంపేస్తాడు.

ఔల్ రాసినవాళ్లు పాపం దాన్ని కాపలాకు పెట్టమని చెప్పలేదు. తెలిసినదాన్నుంచి తెలియనిది రాబట్టుకోమన్నారు. తేజ మిర్చిలో ఒక రకమని ఒక్కసారి చెబితే, మిర్చి ఎంత వచ్చిందని అడిగిన ప్రతిసారీ తేజ లాట్లు వాటంతటవే లెక్కలోకి వస్తాయి. అంతవరకు బంగారం. దానికి చేతికర్ర ఇచ్చి గేటు దగ్గర నిలబెట్టిన ఘనత మనది.

నిలబెట్టాక అది చేసిన మేలు ఇంతా అంతా కాదు. లాటును పండించిన రైతు ఒక్కడే ఉంటాడని ఒంటాలజీలో ప్రకటించారనుకోండి. డేటాలో ఒకే లాటుకు సత్తెనపల్లి రైతు పేరూ, పెదకూరపాడు రైతు పేరూ పడ్డాయి. షాకిల్ అయితే "ఇద్దరున్నారు" అని గోల పెడుతుంది. రీజనర్‌ది పెళ్లిళ్ల పేరయ్య స్వభావం, ఏ పొంతన లేనిదాన్నయినా కలిపేస్తుంది. రైతు ఒక్కడే అన్నారు, ఇక్కడ ఇద్దరు కనిపిస్తున్నారు, పేర్లు వేరైనంత మాత్రాన మనుషులు వేరని ఎవరూ చెప్పలేదు, కాబట్టి ఇద్దరూ ఒక్కరే. ఆ క్షణం నుంచి సత్తెనపల్లి ఆయన పొలం పెదకూరపాడు ఆయనది, పెదకూరపాడు ఆయన బ్యాంకు అప్పు సత్తెనపల్లి ఆయనది. కోర్టుల చుట్టూ తరాలు తిరిగినా తేలని గట్టు తగాదాలు ఇలా రెప్పపాటులో సమసిపోతాయి.

ఇంకో లాటు. గుమాస్తా తొందరలో రైతు గడిలో కోల్డ్ స్టోరేజీ అడ్రసు కొట్టాడు. "పండించింది" అన్న గడిలో ఉండేది రైతే అని ఒంటాలజీలో రేంజ్ ప్రకటన ఉంది. అది చూసి రీజనర్ ఎర్రజెండా ఊపుతుందని అమాయకులు అనుకుంటారు. ఊపదు. పండించిన గడిలో ఉన్నవాడు రైతు, ఈ గడిలో కోల్డ్ స్టోరేజీ ఉంది, కాబట్టి కోల్డ్ స్టోరేజీ రైతు. అమోనియా గొట్టాలతో, జనరేటరుతో సహా రైతు. ఇక రైతులకిచ్చే సాయం ఏదొచ్చినా దాని ఖాతాలోనూ పడాలి.

దీన్ని అడ్డుకోవాలంటే "రైతు వేరు, కోల్డ్ స్టోరేజీ వేరు, ఒకటి రెండూ కాలేదు" అని విడిగా ప్రకటించాలి. ఆ పని అనుభవజ్ఞులు చేయరు, ఎందుకో చెబుతాను. చేస్తే రీజనర్‌కు వైరుధ్యం దొరుకుతుంది. తేమ ఒక్కటే ఉండాలన్న లాటుకు 10 శాతమనీ, 12 శాతమనీ రెండు అంకెలు పడ్డా అంతే; 10, 12 ఒకటేననడానికి దానికి కూడా నోరు రాదు. వైరుధ్యం దొరికాక మాత్రం ఆ లాటును పక్కన పెట్టి మిగతా పని చేసుకోదు. మొత్తం డేటాకే పొంతన లేదంటుంది. తర్కశాస్త్రం ప్రకారం వైరుధ్యం నుంచి ఏదైనా నిరూపించవచ్చు, మిర్చి తియ్యగా ఉంటుందని కూడా. ఒక గుమాస్తా వేలు జారితే యార్డంతా అబద్ధమైపోతుంది. తప్పు ఎక్కడుందో వెతుక్కోవడం వేరే తంటా.

షాకిల్ అలా కాదు, తప్పు చేసినవాడి దగ్గరికే నేరుగా వెళ్తుంది. నా ఫిర్యాదు కూడా అదే. ఏ లాటు, ఏ గడి, ఏ విలువ, ఏ నియమం అన్నీ విప్పి చెబుతుంది. ఇన్ఫో, వార్నింగ్, వయొలేషన్ అని మూడు మెట్లు పెట్టారు గానీ, 2017 ప్రమాణం ప్రకారం మాటవరసకు ఒక్క ఇన్ఫో వచ్చినా మొత్తం డేటా ఫెయిలైనట్టే. ఒక కమీషన్ కొట్టులో కుర్రాడు ఫోన్లో రిపోర్టు చూపిస్తుంటే పెద్ద గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టుకుని అడిగాడు.

"ఏందబ్బాయ్, నా లాటుకి రైతు లేడంటదేంది?"

"లేడని కాదండీ, రాయలేదని."

"రాయకపోతే లేనట్టేనా?"

"దీని లెక్కలో అంతేనండీ."

గుమాస్తా ఔల్‌కు పునాది అయిన డిస్క్రిప్షన్ లాజిక్ అనే తర్కం చదువుకోలేదు. అయినా అడగాల్సిన ప్రశ్న అడిగాడు. రైతు పేరు ఆయన జేబులోని చీటీ మీద ఉంది.

న్యాయంగా మాట్లాడాలంటే షాకిల్‌లోనూ ఆశపడదగ్గ గుణాలు లేకపోలేదు. షేపు ఏ తరగతి వస్తువులకు వర్తిస్తుందో టార్గెట్ అని రాస్తారు. అక్కడ తరగతి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చిందనుకోండి, ఆ షేపు ఒక్క లాటును కూడా తాకదు. తాకలేదు కాబట్టి తప్పు దొరకదు. దొరకలేదు కాబట్టి రిపోర్టులో అంతా సక్రమం అని వస్తుంది. పచ్చరంగులో. ఎవరినీ పరీక్షించకుండా అందరినీ పాస్ చేసే ఈ పద్ధతి చూశాక నాకు ఆ భాష మీద గౌరవం పెరిగింది. పైగా అది అడ్రసులే లెక్కపెడుతుంది, మనుషులను కాదు. ఒకే రైతుకు యార్డు ఒక అడ్రసు, కోల్డ్ స్టోరేజీ ఇంకో అడ్రసు ఇచ్చి ఉంటే ఇద్దరని రాసి నిజమైన రైతును దోషిగా నిలబెడుతుంది. అంటే దానికీ మన ఆఫీసుల్లో పనికొచ్చే లక్షణాలు ఉన్నాయన్నమాట.

కాబట్టి ఇరుపక్షాలకూ నేనొక రాజీ సూచిస్తున్నాను. ముందు రీజనర్‌ను నడపండి, అది రాబట్టినవన్నీ డేటాలో కలిపేయండి, ఆ తర్వాత షాకిల్‌ను పిలవండి. "ఈ గడిలో ఉన్నది రైతేనా?" అని షేపు అడిగేసరికి కోల్డ్ స్టోరేజీ అప్పటికే రైతుగా మారి, తువ్వాలు భుజాన వేసుకుని కూర్చుని ఉంటుంది. పాస్. ఒక్కరేనని తేలిన రైతులిద్దరి అడ్రసులనూ ఒకే అడ్రసు కింద కలిపేసి ఇస్తే, ఒకరికి మించకూడదనే మాక్స్‌కౌంట్ నియమం కూడా కిమ్మనదు. పాస్. తనిఖీ జరిగింది, ఎవరి మనసూ నొచ్చుకోలేదు, ఫైలు కదిలింది.

ఇంత చేసినా ఆ 40 టిక్కీల లాటు ఎర్రగానే మిగలవచ్చు. రైతు ఎక్కడో ఉన్నాడని రీజనర్ ఎంత నమ్మినా, మామూలుగా ఆయనకు ఒక అడ్రసు పుట్టించి గడిలో కూర్చోబెట్టదు. షాకిల్‌కు కళ్ల ముందు కనబడాలి. దీనికీ ప్రమాణంలోనే మందు ఉంది, బయటి నుంచి తెచ్చుకోనక్కర్లేదు. షేపులో డీయాక్టివేటెడ్ ట్రూ అని ఒక్క వరుస చేర్చితే ఆ షేపు ఉంటుంది, ఆడిట్‌కు వచ్చినవాళ్లకు కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. ఆ వరుస ఈ సీజను సరుకు రాకముందే చేర్చాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.